దాచి వద్దు, ఆగి చూద్దాం

మీ నాన్న వద్దన్నాడని అలిగి అన్నం మానేశావా? అలా చెయ్యకు తల్లీ. కడుపు మాడ్చుకుంటే నీరసం వస్తుంది తప్ప పచ్చబొట్టు రాదు. ముందు కంచం దగ్గరికి లాక్కో, తింటూ విను. నేను మీ నాన్న తరఫున వకాల్తా పుచ్చుకుని రాలేదు, నీ తరఫునా రాలేదు. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరికీ తొందరే. నీకేమో ఈ ఆదివారమే పొడిపించుకోవాలని తొందర. ఆయనకేమో నువ్వు నోరు తెరవకముందే కాదనెయ్యాలని తొందర. మధ్యలో ఇల్లంతా మూగనోము పట్టింది.

ఒంటి మీద గుర్తు వేయించుకోవడం, చెవీ ముక్కూ కుట్టించుకోవడం మన ఇళ్లకు కొత్తవి కావు. కొత్తవన్నట్టు మీ నాన్న గుండెలు బాదుకోనక్కర్లేదు. అలాగని తేలిగ్గా తీసేసే సంగతులూ కావు. ఒకటి కావాలంటే తీసెయ్యగలిగేది, ఇంకొకటి తీసెయ్యలేనిది. ఈ తేడా నీ బుర్రకెక్కితే చాలు, మిగతాది నువ్వే తేల్చుకుంటావు. ఆ తేడా చెప్పడానికే ఇంతసేపు కూర్చోబెడుతున్నాను.

చెవులు కుట్టించడం సంగతి చూడు. పుట్టువెంట్రుకలు తీయించిన రోజునో, ఏడాది నిండేలోపు మంచిరోజు చూసో పిల్లను మేనమామ ఒళ్లో కూర్చోబెడతారు. కంసాలాయన, తెలంగాణలో అయితే ఔసలాయన, వచ్చి ముందు రెండు తమ్మెలూ వేళ్లతో నలిపి చూస్తాడు. తర్వాత చుక్క పెడతాడు. ఆ చుక్క దగ్గర ఎంతసేపు చూస్తాడో! ఎదురుగా నిలబడి ఒకసారి, పక్కకి వెళ్లి ఒకసారి, పిల్ల తల కదిలిస్తే తుడిచేసి మళ్లీ ఒకసారి. ఒక చుక్క పైకీ ఒకటి కిందికీ పడితే ఆ పిల్లకి పెళ్లీడు వచ్చాక కూడా జూకాలు ఎగుడుదిగుడుగానే వేలాడతాయని ఆయనకి తెలుసు. చుక్క కుదిరాక సన్నటి బంగారు తీగ మొన సర్రున దిగుతుంది. పిల్ల కేరుమనేలోపు మెలిక కూడా పడిపోతుంది. నోట్లో పటికబెల్లం పలుకు పెడతారు, పిల్ల వెక్కుతూనే చప్పరిస్తుంది. కుట్టడానికి పట్టేది ఒక్క క్షణం, చూడటానికి పట్టేది పావుగంట. ఆ పావుగంట ఎందుకో నువ్వు గమనించాలి.

అంత పసిపిల్ల ఒప్పుకుందా అని అడుగుతావు, నాకు తెలుసు. అడగదగ్గ ప్రశ్నే. ఒప్పుకోలేదు. దానికి మాటలే రావు, ఇక ఒప్పుకోవడమేమిటి. పిల్ల పెద్దదై తనంతట తాను అడిగేదాకా ఆగే తల్లులు ఇప్పుడు కనిపిస్తున్నారు. వాళ్లను నేను తప్పు పట్టను. పసితనంలోనే కుట్టించేవాళ్లు కూడా 6, 10, 14 వారాలకు వేసే టీకాలు పడేదాకా అయినా ఆగాలి, ధనుర్వాతానికి మందు వాటిలోనే ఉంది. అయినా చెవి తమ్మె విషయంలో పెద్దవాళ్లు కాస్త చొరవ తీసుకుంటే నేను పెద్దగా కోప్పడను. ఎందుకంటే నచ్చకపోతే రేపు ఆ పిల్ల కమ్మ తీసి పెట్టెలో పడేస్తుంది. కొన్నాళ్లకు బెజ్జం ముడుచుకుంటుంది, మిగిలేది ఆవగింజంత మచ్చ. అది వెనక్కి తీసుకోగలిగిన నిర్ణయం.

మగపిల్లాడు చెవికి పోగు పెట్టుకుంటానంటే ఇల్లు మునిగినట్టు అరవడం కూడా నాకు అర్థం కాదు. వాడి ముత్తాత ఫోటో ఉంటే దులిపి చూడండి, రెండు చెవులకీ పోగులుంటాయి. అంతకుముందు పుట్టినవాళ్లు దక్కకపోతే తర్వాత పుట్టినవాడికి పుల్లయ్యనో పెంటయ్యనో పేరు పెట్టి ముక్కు కుట్టించిన ఇళ్లు మన దగ్గర ఎన్ని లేవు! బిడ్డ బతకాలని కుట్టించారు వాళ్లు. మగాడి చెవికి బంగారం కొత్తా కాదు, సిగ్గూ కాదు. స్కూలు వాళ్లు ఒప్పుకోరంటావా, అది స్కూలు ఉన్నంతకాలం మాట. సెలవుల్లో తేల్చుకోవచ్చు.

ఇక పచ్చబొట్టు. మీ చుట్టాల్లో ఎనభై దాటిన ఆవిడ ఎవరైనా ఉంటే ఒకసారి వెళ్లి పక్కన కూర్చుని చెయ్యి నీ ఒళ్లో పెట్టుకుని చూడు. ముంజేతి లోపలి వైపున చుక్కల ముగ్గో, తేలో, తులసికోటో ఉంటుంది. పక్కనే పెనిమిటి పేరో, అన్న పేరో. పొడిచినప్పుడు నల్లగా సన్నగా ఉన్న గీత ఇప్పుడు నీలమూ పచ్చా కాని రంగులోకి దిగి వెడల్పయిపోయి ఉంటుంది. అక్షరాల మధ్య ఖాళీలు మూసుకుపోయి ఏది ‘మ’నో ఏది ‘య’నో తెలియదు. వేలితో చర్మం సాగదీస్తే తేలు తేలులా కనబడుతుంది, వదిలేస్తే తోక ముడతల్లోకి వెళ్లిపోతుంది. ఆవిడకి దాని మీద బాధేం లేదు. ఎప్పుడు పొడిపించుకున్నావని అడిగితే గబగబా చెప్తుంది, ఎంత ఏడ్చిందో కూడా చెప్తుంది. నువ్వు చూడాల్సింది ఆ గీతని. నువ్వు పొడిపించుకోవాలనుకుంటున్న, నీ ఫోన్‌లోని సీతాకోకచిలుక బొమ్మకి రెక్క మీద వెంట్రుకంత సన్నటి గీతలున్నాయి కదా, అవి నీ ఎనభయ్యో ఏట ఎలా ఉంటాయో ఆ చెయ్యి చెప్తుంది.

ఆ కాలంలో ఎరుకల ఆడవాళ్లు ఊరూరా తిరుగుతూ పొడిచేవాళ్లు. సూదులు కట్టగా కట్టి, దీపపు మసీ ఆకు పసరూ కలిపి, పిల్ల నొప్పి మరిచేందుకు పాట పాడుతూ పొడిచి, పైన పసుపు అద్దేవాళ్లు. ఆదిలాబాదు గోండు గూడేల్లో తోటి తెగ ఆడవాళ్లది ఆ పని. చనిపోయాక ఒంటి మీది నగలన్నీ ఒలిచేస్తారు, వెంట వచ్చేది పచ్చబొట్టొక్కటేనని గోండుల నమ్మకం. నేను ఆ నమ్మకాన్ని చేతులెత్తి గౌరవిస్తాను. ఊరంతా ఒకే రకం గుర్తు మోసేది, దాని వెనక కులమో గూడెమో దేవతో ఉండేది. ఒంటరిగా ఒక పిల్ల ఒక మధ్యాహ్నం పూట తేల్చుకున్నది కాదు.

అలాగని పెద్దలు చేయించినవన్నీ మంచివే అని కూడా అనను. ఒడిశా కొండల్లో కోందు ఆడవాళ్ల ముఖాల నిండా గీతలుంటాయి, చూసే ఉంటావు. చిన్నతనంలోనే, నొప్పితో గిలగిల్లాడుతుండగా పొడిచినవి. ఇప్పుడు వాళ్ల మనవరాళ్లు చదువుకుని పట్నం వస్తున్నారు, ముఖం మీద మాకొద్దు అంటున్నారు. అవ్వలూ మునుపటిలా పట్టుబట్టడం లేదు. ఒంటి మీద చెరగని గుర్తు వేసే ముందు ఆ ఒళ్లు ఎవరిదో వాళ్ల మాట వినాలి. ఆ మాట చెప్పే వయసు వచ్చేదాకా ఆగాలి. నీకూ నేను చెప్పేది ఇదే, వేరే ఏం లేదు. నీ ఒళ్లు నీదే తల్లీ. కానీ ముప్ఫయ్యేళ్ల నువ్వు అనే ఒకావిడ ఉంది, ఇంకా రాలేదు. ఆవిడని కూడా అడగాలి కదా? ఆవిడ చెయ్యి మీద నువ్వు ఇవాళ రాసేస్తున్నావు.

చెరగదని ఎందుకంత గట్టిగా చెప్తున్నానో విను. పై చర్మం ఎప్పటికప్పుడు రాలిపోయి కొత్తది వస్తూ ఉంటుంది. సూది రంగును అక్కడ వదలదు, దాని కింది పొరలోకి దించుతుంది. బయటిదేదో లోపలికి వచ్చిందని ఒంట్లో కాపలా కాసే కణాలు వచ్చి ఆ రంగును మింగుతాయి. మింగుతాయే గానీ అరిగించుకోలేవు, దాన్ని పట్టుకుని అక్కడే ఉండిపోతాయి. అవి చచ్చిపోతే వాటి చోట్లోకి వచ్చిన కొత్త కణాలు మళ్లీ అదే రంగును మింగుతాయి. నీ ఒళ్లే దాన్ని తరతరాలుగా దాచిపెడుతుందన్నమాట.

లేజరుంది కదా అంటావు. ఉంది. నేను కాదనను. కానీ లేజరు చేసేది రంగును చితక్కొట్టడం వరకే. చితికిన పొడిని ఒళ్లు మెల్లిమెల్లిగా ఎత్తిపోసుకోవాలి. అందుకే వారాల తరబడి ఎడం ఇచ్చి మళ్లీ మళ్లీ వెళ్లాలి. నలుపు తొందరగా లొంగుతుంది. పసుపు, ఆకుపచ్చ మొండికేస్తాయి. మన చామనచాయ ఒంటి మీద డాక్టరు ఇంకా ఒళ్లు దగ్గర పెట్టుకుని చెయ్యాలి, లేకపోతే బొమ్మ పోయి ఆ చోట తెల్లమచ్చో నల్లమచ్చో నిలుస్తుంది. పొడిపించుకోవడానికి గంట, తీయించుకోవడానికి ఏడాది. ఖర్చు మాట సరే సరి, పొడిపించుకున్నదానికి ఎన్నో రెట్లు. నొప్పి కూడా అంతకుమించే అంటారు రెండూ పడ్డవాళ్లు.

మీ అమ్మ ధర్మవరం పట్టుచీర ఒకటి కొనడానికి ఎన్ని కొట్లు ఎక్కి దిగుతుంది! మడత విప్పించి, అంచు వెలుతురులో చూసి, వదినని అడిగి, వద్దని ఇంటికొచ్చి, రాత్రంతా ఆలోచించి మళ్లీ పొద్దున్నే వెళ్తుంది. సాయంత్రానికి విప్పి బీరువాలో పెట్టే చీరకే అంత చూస్తే, విప్పడానికి వీల్లేని దాన్ని నువ్వు పావుగంటలో తేల్చేస్తావా? అదీ స్నేహితురాలు పొడిపించుకుంటోంది, ఇద్దరం కలిసి వెళ్తే పొడిచేవాడు తగ్గిస్తానన్నాడు అని!

ఇప్పుడు మగపిల్లలకి ఒక మాట చెప్పాలి, ఇది నేను నిజంగా బాధపడి చెప్తున్న మాట. శ్రీకాకుళం, విజయనగరం వైపు తెల్లవారుజామున రోడ్డు మీద వెళ్తే ఆర్మీ కోసం పరుగెత్తే కుర్రాళ్లు గుంపులు గుంపులుగా కనిపిస్తారు. అమ్మ ఇంట్లో గుడ్లు ఉడకబెట్టి పెడుతుంది, నాన్న అప్పు చేసి కోచింగు ఫీజు కడతాడు. అలాంటి పిల్లాడు ఒక పండగ పూట స్నేహితులతో వెళ్లి మెడ మీదో, ఛాతీ మీదో అభిమాన హీరో పేరు పొడిపించుకుంటాడు. ఆర్మీ నియమం ఏమిటో తెలుసా నాన్నా? శాశ్వతమైన పచ్చబొట్టు మోచేతి లోపలి వైపు నుంచి మణికట్టు దాకా, ముంజేతి లోపలి భాగంలో ఉండొచ్చు. అరచేతి వెనక వైపు ఉండొచ్చు. ఒంటి మీద ఇంకెక్కడున్నా తీసుకోరు. గిరిజనులకి వాళ్ల ఆచారాన్ని బట్టి సడలింపు ఉంది, మిగతావాళ్లకి లేదు. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి బలగాల్లో అయితే ఇంకా పట్టింపు. సెల్యూట్ కొట్టే కుడి చేతి మీద ఉండకూడదు, ఎడమ ముంజేతి లోపలి వైపునో అరచేతి వెనకో ఉండాలి, అదీ ఆ భాగంలో నాలుగో వంతుకి మించకూడదు. రాత పరీక్ష గట్టెక్కి, పరుగులో గెలిచి, మెడికల్‌లో చొక్కా విప్పిన దగ్గర ఆగిపోతే ఎంత కడుపుకోత! కుడి ముంజేతి మీది గుర్తు వల్ల కాదంటే కోర్టు దాకా వెళ్లిన పిల్లలున్నారు ఈ దేశంలో. విమానాల్లో పనిచేసే అమ్మాయిలకి కూడా యూనిఫాం వేసుకున్నాక కనబడే చోట పచ్చబొట్టు ఉంటే చాలా సంస్థలు ఒప్పుకోవు. ఆ నియమాలు సరైనవా కాదా అని వాదించుకోవచ్చు, నాకూ కొన్ని నచ్చవు. కానీ నువ్వు ఏం అవుతావో నీకే ఇంకా తెలియని వయసులో ఒక తలుపు నీ చేత్తో నువ్వే ఎందుకు మూసుకోవాలి?

పేరు మాత్రం పొడిపించుకోకు. బొమ్మ సంగతి ఎలా ఉన్నా పేరు వద్దు. ఇవాళ నువ్వు ఎవరికోసమైతే ప్రాణం పెడుతున్నావో ఆ ప్రేమ అబద్ధమని నేను అనను. పదిహేడేళ్ల ప్రేమ కూడా నిజమైన ప్రేమే. కానీ రేపు వేరే ఇంట్లో వేరే మనిషి పక్కన కూర్చున్నప్పుడు, ఆ పేరు చదివి బాధపడే మనిషికి నువ్వు ఏమని చెప్తావు? నీ పిల్లలు అక్షరాలు కూడబలుక్కుని చదివి ఎవరమ్మా అని అడిగితే? అమ్మ పేరు పొడిపించుకుంటానంటావా, అమ్మకి అది వద్దు, రేపు దూరం వెళ్లాక వారానికి రెండుసార్లు నువ్వు ఫోన్ చేస్తే చాలు.

నాకు అన్నిటికన్నా భయం దేనికో చెప్పనా? నువ్వు పొడిపించుకోవడానికి కాదు. దాచి పొడిపించుకోవడానికి. దాచి వెళ్లేవాళ్లు ఎక్కడికి వెళ్తారు? వయసు అడగనివాడి దగ్గరికి, చౌకగా చేసేవాడి దగ్గరికి. జాతరలో బ్యాటరీ మిషను పెట్టుకుని గోనెపట్టా మీద కూర్చుంటాడు చూడు, వాడి దగ్గరికి. ఆ సూది నీకు ముందు ఎంతమందికి దిగిందో ఎవరికి తెలుసు? ఆ రంగు సీసాలో ఎంతమంది రక్తం ముంచి తీశాడో? హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి, ఇవన్నీ సూదుల మీద ప్రయాణం చేసేవే. కాలేయాన్ని తినేసే హెపటైటిస్ ఏళ్ల తరబడి బయటపడకుండా లోపలే ఉంటుంది. పచ్చబొట్టు పొడిపించుకున్నవాళ్ల దగ్గర కొన్నాళ్లపాటు రక్తం తీసుకోరు, మన దేశంలో ఏడాది ఆగమంటారు. ఎందుకో ఇప్పుడు అర్థమైందా? ఇంట్లోవాళ్లకి రక్తం కావలసివస్తే నువ్వు పనికిరాకుండా పోతావు ఆ ఏడాది.

సరే, పొడిపించుకుని వస్తావు. దాచాలి కదా, ఎండాకాలంలో కూడా నిండు చేతుల చొక్కా వేస్తావు. లోపల చెమట. రెండో రోజుకి ఎర్రబడుతుంది. మూడో రోజుకి వేడిగా ఉండి సలుపుతుంది. అమ్మకి చెప్తే తిడుతుందని మందుల షాపులో ఏదో బిళ్ల కొనుక్కుని మింగుతావు. జ్వరం వచ్చి పడిపోయాక అప్పుడు చొక్కా విప్పితే అమ్మ ఏడవాలా తిట్టాలా? తిట్టు ఒక పూట ఉంటుంది తల్లీ. ఆ తిట్టుకి భయపడి ఒళ్లు పాడుచేసుకునే పిల్లల్ని చూస్తే నాకు వాళ్ల మీద కోపం రాదు, చెప్పుకునే చనువు ఇవ్వని ఇంటి మీద కోపం వస్తుంది.

చెవి పైభాగం గురించి కూడా చెప్పాలి, ఈ మధ్య ఆడపిల్లలంతా దాని మీదే పడ్డారు. కింది తమ్మె మెత్తటి కండ. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానుతుంది. పైన ఉండేది మృదులాస్థి, దానికి రక్తప్రసారం తక్కువ. అందుకే మానడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది. అక్కడ చీము పట్టిందంటే మందు కూడా సరిగ్గా అందదు, చెవి ఆకారమే ముడుచుకుపోవచ్చు. అంగట్లో తుపాకీలాంటిది పెట్టి టప్పున కొడతారే, దాన్ని పైచెవికి అసలు వాడకూడదు. మృదులాస్థి నలిగిపోతుంది. పైగా ఆ తుపాకీలు చాలావాటిని ఆపరేషన్ సామాను ఉడికించినట్టు ఉడికించి శుభ్రం చెయ్యడానికి వీలుండదు, గుడ్డతో తుడిచి ఇంకొకరికి పెడతారు. నాలుక కుట్టించుకుంటే పళ్లు విరగొచ్చు, చిగుళ్లు దిగిపోవచ్చు. బొడ్డు దగ్గర కుట్టు లంగా బొందు, ప్యాంటు అంచు రాసుకుని తొందరగా మానదు. వాటి జోలికి ఇప్పుడు పోవద్దు, ఇంతకంటే చెప్పను.

ఇంకొకటి మీ ఇంట్లోనే తెలుస్తుంది. చిన్నప్పుడు భుజం మీద వేసిన బీసీజీ టీకా మచ్చ చూసుకో. అది చదునుగా ఉంటే సరే. ఉబ్బి, గట్టిగా, దురద పెడుతూ పెరిగి ఉంటే నీ ఒంటికి మచ్చ గడ్డకట్టే తత్వం ఉండొచ్చు. కీలాయిడ్ అంటారు. మన దేశపు చర్మాల్లో అది తెల్లవాళ్లకన్నా ఎక్కువ, ఇంటి వరసలో కూడా వస్తుంది. అమ్మకో పిన్నికో చెవి వెనక చిక్కుడు గింజంత గడ్డ ఉందేమో అడుగు. ఉంటే ముందు చర్మవ్యాధుల డాక్టర్ని అడిగే వరకు చెవి మీద కొత్త బెజ్జం కూడా వద్దు.

ఇప్పుడు మీ అమ్మానాన్నల్ని కూడా ఇలా పిలువు, వాళ్లతో కూడా మాట ఉంది.

నాయనా, పిల్ల అడిగిందంటే అర్థం ఏమిటి? నీ దగ్గర దాచలేదని అర్థం. ఇప్పుడు చెయ్యి విరగ్గొడతానంటే ఈసారి అడగదు. ఇంతకుముందు చెప్పానే, ఆ గోనెపట్టా దగ్గరికి వెళ్తుంది. వద్దనే హక్కు నీకు ఉంది, ఉండాలి కూడా. బ్రిటన్‌లో 1969లోనే చట్టం చేశారు, 18 నిండనివాళ్లకి పచ్చబొట్టు పొడవకూడదని. అమ్మానాన్న పక్కనే ఉండి సరేనన్నా అక్కడ కుదరదు. అమెరికాలో రాష్ట్రానికో పద్ధతి. కొన్ని చోట్ల పెద్దవాళ్ల సంతకం కావాలి, కొన్ని చోట్ల సంతకం పెట్టినా కుదరదు. డాలస్‌లోనో లండన్‌లోనో ఉన్న మన తెలుగు పిల్లలకి ఆ అడ్డు చట్టమే వేస్తోంది. ఇక్కడ ఆ బరువు నీ మీదే ఉంది కాబట్టి, చట్టంలా కాకుండా తండ్రిలా చెప్పు. ఎందుకు వద్దో చెప్పు. ఎప్పుడు సరేనంటావో కూడా చెప్పు. ‘ఎప్పటికీ వద్దు’ అనేది ఏ పిల్లా వినదు. ‘ఇప్పుడు వద్దు, నీ సంపాదన నీకు వచ్చాక నీ ఇష్టం’ అంటే గొణుక్కుంటూనే వింటుంది.

అమ్మా, నువ్వు కూడా ఒక మాట గుర్తుపెట్టుకో. నలుగురూ ఏమనుకుంటారు, పెళ్లి సంబంధాలు వస్తాయా అన్న మాటలు ఈ విషయంలో తేవద్దు. అవి తెస్తే పిల్ల మిగతా మంచి మాటలు కూడా వినడం మానేస్తుంది. దాని ఒళ్లు, దాని ఆరోగ్యం, దాని ఉద్యోగం, ఇవి చెప్పు, చాలు. అడిగిందల్లా ఒక్క దెబ్బకి కాదనకు. ముక్కుపుడకో, తమ్మెకి రెండో కుట్టో అడిగితే సరేనను. తీసెయ్యగలిగిన చోట పిల్లకి స్వేచ్ఛ ఇస్తే, తీసెయ్యలేని చోట నీ మాటకి విలువ ఉంటుంది.

ఇక నువ్వు ఎలా ఆగాలో చెప్తాను తల్లీ, ఊరికే ఆగమంటే ఎవరు ఆగుతారు. ఆ సీతాకోకచిలుకని కాగితం మీద గీసి అద్దం పక్కన అంటించు. రోజూ తల దువ్వుకునేటప్పుడు చూడు. ఆషాఢం రాగానే గోరింటాకుతో అదే బొమ్మ అదే చోట పెట్టించుకో. ఆకు రుబ్బి పెట్టుకున్నదే సుమా. ‘నల్ల మెహందీ’ అని పది నిమిషాల్లో నల్లగా పండుతుందనే ట్యూబుల జోలికి పోకు. వాటిలో తలకి వేసే రంగుమందు కలుపుతారు, ఒళ్లు బొబ్బలెక్కి జన్మంతా ఆ మందు పడకుండా పోయినవాళ్లున్నారు. గోరింటాకు ఎర్రగా పండుతుంది, వెలుస్తుంది, పోతుంది. పోయినప్పుడు నీకు బెంగగా ఉందా, పోతే పోయిందిలే అనిపించిందా, అది నీకే తెలుస్తుంది. మరో ఆషాఢానికి కూడా అదే బొమ్మ కావాలనిపిస్తే, ఇంకో ఆషాఢానికి కూడా అనిపిస్తే, అప్పటికి నీకు ఓటు కూడా వచ్చి ఉంటుంది, నీ జీతం నీ చేతిలో ఉంటుంది, ఇక నిన్ను ఎవరూ ఆపనక్కర్లేదు. నేనూ ఆపను. ఆ రోజు వెళ్లినప్పుడు కొత్త సూది పొట్లం నీ కళ్ల ముందు చింపమను, రంగు పెద్ద సీసాలోంచి కాకుండా నీకోసం చిన్న మూతలో విడిగా పోయమను, చేతికి కొత్త గ్లవ్స్ వెయ్యమను. ఇవి అడిగితే విసుక్కున్నవాడి దగ్గర్నుంచి లేచి వచ్చెయ్. హెపటైటిస్ బి టీకా పడిందో లేదో ముందే చూసుకో.

ఈలోగా తమ్మెకి రెండో కుట్టు కావాలంటే మీ అమ్మని ఒప్పించడానికి నేనున్నాను. పరీక్షలు అవనీ. నడివేసవిలో వద్దు, చెమటకి మానదు. అమ్మని వెంటబెట్టుకుని వెళ్లు, తుపాకీ వద్దని, సూదితోనే కుట్టమని చెప్పు. మొదటి కమ్మ గిల్టుది పెట్టించుకోకు, అందులో నికెల్ ఉంటే తమ్మె చిమచిమలాడి రసి కారుతుంది. సన్నదైనా బంగారమే పెట్టించుకో. మీ అమ్మమ్మ తీగ తిప్పమంటుంది, నూనె వెయ్యమంటుంది, ప్రేమకొద్దీ చెప్తుంది గానీ ఇప్పుడు చాలామంది తిప్పొద్దనే అంటున్నారు. శుభ్రమైన ఉప్పునీళ్లతో తుడిచి వదిలెయ్. ఆ వైపు ఒత్తిగిలి పడుకోకు, దువ్వెన తగలనీకు. ఎర్రబడి, వేడెక్కి, సలుపుతుంటే స్నేహితురాళ్లని అడుగుతూ కూర్చోకు. అదే రోజు అమ్మకి చూపించి డాక్టరు దగ్గరికి వెళ్లు.